డోంగ్లి అటక మీద రాకుమారుడు

దెగ్లూర్ వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు, ఒళ్ళో ఓ అట్టపెట్టె. కండక్టరు పెట్టె వంక, నా వంక మార్చి మార్చి చూసి, "లోపలేమున్నది సార్? కోడిపిల్లలైతే టికెట్ కొట్టాలె" అన్నాడు. కోడిపిల్లలు కావు, ఓ పాత సౌండ్ కార్డు, రెండు ఫ్లాపీలు, గుప్పెడు వైర్లు, ఒక స్క్రూడ్రైవరు అని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. పెట్టెకి చెవి ఆనించి మరీ వెళ్ళాడు!

ఈ ప్రయాణం కథ మీకు చెప్పాలి. ఇందులో హీరో ఉన్నాడు, విలన్ ఉన్నాడు, బందీ అయిన రాకుమారి ఉంది, కత్తియుద్ధం ఉంది. క్లైమాక్సు కూడా ఉంది. అది మాత్రం నేననుకున్నట్టు జరగలేదు.

2003లో మా నాన్నగారి ఉద్యోగం కారణంగా మేం మద్నూర్‌లో ఉండేవాళ్ళం. అక్కడ ఒకన్న చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. నాలుగు మిషన్లు, ఒక స్టెబిలైజరు, గోడ మీద సరస్వతి కేలండరు. ఎమ్మెస్ ఆఫీసు నేర్చుకోవడానికి ఫీజు కట్టి చేరిన మేమంతా అసలు నేర్చుకున్నది మాత్రం 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఆట! అన్నకి తెలుసు. తెలిసీ ఊరుకునేవాడు. పైగా పందెం కాశాడు కూడా. "నా టైమ్ దాటినోనికి నెల ఫీజు మాఫీ" అని.

ఆ పందెం నేను గెలవలేదు. ఆ ఏడే మాకు బదిలీ అయింది. తరవాత సెంటర్ మూతపడింది. అన్న తన సొంతూరు డోంగ్లి వెళ్ళిపోయాడు, వెళ్తూ ఒక్క మిషన్ మాత్రం వెంట తీసుకుపోయాడు. 2021లో అన్న లోకం నించే వెళ్ళిపోయాడు. మొన్నామధ్య వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఇంటర్ చదువుతున్నాడు.

"కాకా, అటక మీద నాయిన కంప్యూటర్ దొరికింది. అండ్ల ఆట ఉన్నదంట గదా. గెలిచినోళ్ళ పేర్లు గూడ ఉంటయంట. నాయిన పేరు సూడాలె."

ఇంతకంటే పెద్ద పిలుపు ఏం కావాలి చెప్పండి?

సరిహద్దు సీమలో

సంగారెడ్డి నించి జోగిపేట, పిట్లం మీదుగా వెళ్తుంది 161 నంబరు జాతీయ రహదారి. పిట్లం దాటాక నేల రంగు మారిపోతుంది. నల్లరేగడి! పత్తి, కంది, సోయా చేలు ఆకాశం అంచు దాకా పరుచుకుని ఉంటాయి. మద్నూర్ దాటి ఇంకొంచెం ముందుకు పోతే మహారాష్ట్రే. అటు దెగ్లూర్.

ఈ సీమకి ఓ ఫ్లాష్‌బ్యాక్ ఉంది. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఒకప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోవి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఇటు వచ్చి కలిశాయి. గీత అయితే గీశారు గాని, మాటకి గీత గీయడం ఎవరి తరం? ఇక్కడ ఒకే అరుగు మీద తెలుగూ మరాఠీ పక్కపక్కనే కూర్చుంటాయి. కుర్రాళ్ళు మన మాస్ సినిమాలూ చూస్తారు, 2016లో వచ్చిన 'సైరాట్' పాటలకీ గంతులేస్తారు. డోంగ్లి మొన్నటిదాకా మద్నూర్ మండలంలో ఓ ఊరు. 2022లో అదే మండల కేంద్రమయింది. మంజీరా నది దగ్గర్లోనే పారుతుంది.

ఆటో దిగేసరికి అబ్బాయి ఎదురొచ్చి అట్టపెట్టె అందుకున్నాడు. అచ్చు అన్న నడకే! ఇంటి ముందు వదిన చెంబుతో నీళ్ళిచ్చింది. "గా డబ్బ కోసం గింత దూరమొచ్చినవా తమ్మీ?" అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఏదో దాచినట్టు అనిపించింది. అప్పుడు పట్టించుకోలేదు.

ముందు ప్రాణం, తరవాతే మేకప్

మిషన్‌ని చూస్తే జాలేసింది. ఒకప్పటి తెల్ల డబ్బా ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. మూత తీస్తే వేలెడు మందం దుమ్ము, ఓ మూల బల్లి గుడ్లు. 166 మెగాహెర్ట్జ్ పెంటియం, 32 ఎంబీ మెమరీ, 2.1 జీబీ హార్డ్ డిస్కు. ఇవాళ మీ జేబులో ఉన్న ఫోన్ ముందు ఇది ఏనుగు ముందు చీమ!

అబ్బాయి గబుక్కున ప్లగ్గు పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఏళ్ళ తరబడి నిద్రపోయిన మిషన్‌ని ఒక్కసారి కొట్టి లేపకూడదు. అందులో హార్డ్ డిస్కు మరీ సుకుమారం. లోపల తిరిగే పళ్ళెం, దాని మీద తేలే మీట. అది తిరగడం ఇదే ఆఖరిసారి కావచ్చు. అందుకని ముందు డిస్కు విప్పి, నా ల్యాప్‌టాప్‌కి ఓ అడాప్టరుతో తగిలించాను. గుయ్యిమని మూలిగింది. తిరిగింది! అందులో ఉన్నదంతా మక్కీకి మక్కీ ఓ కాపీ తీసి ల్యాప్‌టాప్‌లో దాచాను. సినిమావాళ్ళు నెగెటివ్‌ని భద్రంగా పెట్టి ప్రింట్లు తీస్తారే, అదే పద్ధతి.

"అయితే ఆట ఇప్పుడే సూడొచ్చు గదా కాకా?" అన్నాడు అబ్బాయి.

చూడొచ్చు. 2002 నించీ డాస్‌బాక్స్ అని ఓ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది కొత్త కంప్యూటర్ లోపల ఓ పాత కంప్యూటర్ వేషం వేస్తుంది. పాత ఆటలు దాన్ని చూసి నిజమే కాబోలనుకుని ఆడతాయి. అయిదు నిమిషాల పని. ఆ మాటే చెప్పాను.

అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "వద్దు కాకా. అది డబ్బింగ్ సిన్మా లెక్క. నాయిన సెయ్యి పెట్టిన కీబోర్డు మీదనే సూద్దం" అన్నాడు.

నేనింకేం మాట్లాడను?

1980 జనవరి 1

పాత మిషన్‌కి ప్రాణం పొయ్యడం ఎలాగో, మీలో ఎవరి అటక మీదైనా ఇలాంటిది ఉంటే పనికొస్తుంది, కాస్త శ్రద్ధగా వినండి.

ఆ రోజుల్లో కరెంటు సరఫరా పెట్టె నించి మదర్‌బోర్డుకి రెండు ప్లగ్గులు వచ్చేవి. రెండూ పక్కపక్కనే గుచ్చాలి. నల్ల తీగలన్నీ నడిమధ్యకి రావాలి. తారుమారు చేశారో, బోర్డు హరీ! అబ్బాయి చేత మూడుసార్లు చూపించుకుని మరీ గుచ్చాను. మెమరీ కార్డుల ఇత్తడిరంగు పళ్ళని స్కూలు పిల్లల రబ్బరుతో తుడిచాను. స్విచ్చి వేస్తే, బీప్... బీప్... అని ఏడుపు. మెమరీ సరిగ్గా కూర్చోలేదన్నమాట. తీసి మళ్ళీ నొక్కి కూర్చోబెట్టాను. ఈసారి ఒక్కటే బీప్. శుభం!

మానిటర్ పాత గాజు బుడ్డి రకం, పద్నాలుగు అంగుళాలది. మెల్లగా, చాలా మెల్లగా వెలిగింది, తెర మీద తెర లేచినట్టు. (దాని వెనక మూత మాత్రం మీరు ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపల వేల వోల్టులు దాక్కుని ఉండవచ్చు.)

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. తారీఖు, హార్డ్ డిస్కు వివరాలు గుర్తుపెట్టుకునే బాధ్యత దానిది. అది ఎప్పుడో కన్నుమూసింది. అంచేత మిషన్ తారీఖు చూపించింది కదా, 1980 జనవరి 1 అని! దాని లెక్కన 'శంకరాభరణం' ఇంకా విడుదలే కాలేదు. ఇంకో నెల ఆగాలి. మద్నూర్‌లో గడియారాల కొట్టు నించి కొత్త బిళ్ళ తెప్పించి వేశాం. మిషన్ ఒక్క దూకులో మన కాలానికి వచ్చేసింది.

ఇక అసలు డిస్కు తిరిగి బిగించాను. స్విచ్చి వేశాను.

టక్... టక్... టక్... అంతే. తిరగలేదు. మళ్ళీ వేశాను. టక్, టక్. పొద్దున ల్యాప్‌టాప్‌లో తిరగడమే దాని ఆఖరి ప్రదర్శన అన్నమాట.

అబ్బాయి మొహం చూడలేకపోయాను. "కాపీ ఉన్నది గదరా" అన్నాను. "ఉన్నది" అన్నాడు, గొంతు పూడుకుపోయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఇంటర్వెల్!

రొట్టె తింటూ రాబిన్‌హుడ్ కథ

వదిన వేడివేడి జొన్నరొట్టెలు, శెనగపిండి పిట్ల, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. కొవ్వొత్తి వెలుగులో అబ్బాయి మనసు మళ్ళించడానికి ఆ ఆట పుట్టిన కథ చెప్పాను. సినిమా ప్రియులు మీరూ వినాల్సిన కథ.

జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడికి సినిమాలంటే పిచ్చి. 1984లో 'కరాటేకా' అనే ఆటతో పేరు తెచ్చుకున్నాడు. తరవాతి ఆటలో బొమ్మ నిజం మనిషిలా పరుగెత్తాలని పట్టుబట్టాడు. 1985లో తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేసి, పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. టీవీ మీద ఆ వీడియో ఒక్కొక్క ఫ్రేమూ ఆపి స్టిల్ ఫొటోలు తీశాడు. వాటి అంచుల వెంట గీసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇది మాక్స్ ఫ్లైషర్ కార్టూన్ సినిమాల కోసం కనిపెట్టిన రోటోస్కోప్ పద్ధతే. మరి కత్తియుద్ధానికో? 1938 నాటి హాలీవుడ్ 'రాబిన్‌హుడ్' సినిమాలో ఎరోల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ తలపడే సీను ఉంది కదా, అందులో ఓ చిన్న ముక్క నించి ఫ్రేములు తీసుకున్నాడు! అంటే మద్నూర్ సెంటర్‌లో మేం కీబోర్డు టకటకలాడిస్తూ తిప్పిన కత్తి సాక్షాత్తూ ఎరోల్ ఫ్లిన్‌ది అన్నమాట!

ఆట 1989లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. 1990లో మన డాస్ మిషన్ల మీదకి వచ్చింది. కథ మన జానపద చిత్రం లాంటిదే. సుల్తాన్ యుద్ధానికి వెళ్ళాడు. దుష్టమంత్రి జాఫర్ రాకుమారిని బంధించాడు. నన్ను పెళ్ళాడతావా, చస్తావా, గంట టైమిస్తున్నానన్నాడు. హీరో నేలమాళిగలో ఉన్నాడు. అరవై నిమిషాల్లో పన్నెండు అంకాలు దాటి ఆమెని చేరాలి.

ఇందులో ద్విపాత్రాభినయం కూడా ఉంది! ఆపిల్ టూ మెమరీలో కొత్త శత్రువు బొమ్మలకి చోటు చాల్లేదు. అప్పుడు మెక్నర్ హీరో బొమ్మలనే కొంచెం మార్చి వాడుకుని నీడమనిషిని సృష్టించాడు. నాలుగో అంకంలో హీరో అద్దంలోంచి దూకగానే అతని నీడ విడిపోయి పారిపోతుంది. 'రాముడు-భీముడు'లో రామారావుగారిని ఇద్దరిని చేసి చూపిస్తే మురిసిపోయిన జాతి మనది. ఈ నీడ మనకి నచ్చకుండా ఎలా ఉంటుంది?

"ఆఖరున ఆ నీడ దారి కాస్తది గదా తమ్మీ?" అంది వదిన, రొట్టె వడ్డిస్తూ.

"ఔనొదినా. అక్కడే నేను ప్రతిసారీ చచ్చేవాణ్ణి. ఎంత బాగా కత్తి తిప్పినా సరే..." అన్నాను. వదిన ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది. ఈ విషయం ఈవిడకెలా తెలుసబ్బా అని అప్పుడైనా నాకు తట్టొద్దూ? తట్టలేదు!

మెక్నర్ ఆట అసలు ప్రోగ్రాము కూడా పోయిందనే అనుకున్నారు. 2012లో వాళ్ళ నాన్నగారు ఇంట్లో ఓ పెట్టెలో పాత ఫ్లాపీలు చూసి పంపించారు. వాటిని చదవగల పాత మిషన్లు, చదవడం తెలిసిన మనుషులు ఉండబట్టి అది బతికింది. మన 'భక్త ప్రహ్లాద' ఆ అదృష్టానికి నోచుకోలేదు. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ! ఇవాళ దాని ప్రింటు లేదు. ఆనాడు ఎవరైనా ఒక్క పెట్టె అటక మీద భద్రంగా దాచి ఉంటే? 1957 నాటి 'మాయాబజార్' మనకి మిగిలింది గనకనే 2010లో రంగులద్ది చూసుకోగలిగాం.

"అందుకేరా ముందు కాపీ తీసింది" అన్నాను. అబ్బాయి తలూపాడు. కరెంటు వచ్చింది.

రెండో సగం

డిస్కు పోతే పోయింది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలుసు కదా, కంప్యూటర్ల బజారు. అక్కడ పాత సామాను కొట్లో కొన్న చిన్న అడాప్టరు నా పెట్టెలో ఉంది. ఒకప్పుడు కెమేరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అందులో గుచ్చి మిషన్‌కి తగిలిస్తే, పాపం ఆ ముసలి మిషన్ దాన్నే హార్డ్ డిస్కు అనుకుంటుంది. తిరిగే పళ్ళెం లేదు, అరిగిపోయే మీట లేదు. డూపు చేత ఫైటు చేయించినట్టు!

విండోస్ 98 బూట్ ఫ్లాపీ వేశాను. మొదటిది బూజు పట్టి మొరాయించింది. రెండోది కిర్రు కిర్రుమంటూ చదివింది. కార్డుని మిషన్‌లోనే విభజించి, ఫార్మాట్ చేసి, డాస్ ఎక్కించాను. ఆ కార్డు మళ్ళీ ల్యాప్‌టాప్‌లో పెట్టి, పొద్దున దాచిన కాపీలోంచి అన్న ఆట ఫోల్డరు ఉన్నదున్నట్టుగా దాంట్లోకి మార్చాను. లోపలేముందో తెరిచి చూడలేదు. ఒట్టు!

సౌండ్ కార్డు బిగించాను. సింగపూర్ క్రియేటివ్ కంపెనీ 1992లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16. సౌండ్ కార్డులు రాకముందు పీసీ ఆటల్లో ఎక్కువగా వినిపించింది కీచుకీచుమనే చిన్న స్పీకరు మోతే. అయితే కార్డు ఎక్కడుందో ఆటకి మనమే చెప్పాలి. చిరునామా 220, పిలుపు నంబరు 5, సరుకు తెచ్చే దారి 1. ఆటోఎగ్జెక్ అనే ఫైల్లో ఈ ఒక్క లైను రాయకపోతే బొమ్మ వస్తుంది, మాట రాదు. మూకీ!

"కాకా, గీ టర్బో బటన్ ఏంది? నొక్కితే ఉరుకుతదా?" అన్నాడు అబ్బాయి.

ఉరకడం కాదు, మెల్లగా నడవడానికే అది! తొలి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. అప్పటి ఆటలు కొన్ని ఆ వేగాన్నే గడియారంగా పెట్టుకున్నాయి. వేగం పెరిగిన మిషన్ మీద వేస్తే బొమ్మలు పిచ్చెత్తినట్టు పరుగెడతాయి. పాత మూకీ చిత్రాలని టాకీ వేగంతో తిప్పితే మనుషులు టకటకా నడుస్తారు చూశారూ, అదే తమాషా. అలాంటి ఆటల కోసం మిషన్‌కి కళ్ళెం వేసే బటన్ అది. మెక్నర్ ఆటకి ఆ బెడద లేదు. మిషన్‌లోని గడియారం చూసుకునే నడుస్తుంది.

రాత్రి పది దాటింది. పక్కింటి పిల్లలు నలుగురు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. "నువ్వే కొట్టరా" అన్నాను. అబ్బాయి ఒక్కొక్క అక్షరం వెతుక్కుని ప్రిన్స్ అని కొట్టి, ఎంటర్ నొక్కాడు.

గెలిచినవాళ్ళ పట్టిక

సంగీతం! ఇరవై రెండేళ్ళ తరవాత ఆ సంగీతం వింటుంటే మద్నూర్ సెంటర్ గోడకున్న కేలండరు కూడా కళ్ళకి కట్టింది. టైటిల్స్ పడ్డాయి. కోట కనిపించింది. రాకుమారి, జాఫర్, ఇసుక గడియారం వచ్చి వెళ్ళాయి. ఎవరైనా ఒక్కసారైనా గెలిచి ఉంటే, టైటిల్స్ చివర వాళ్ళ పేర్ల పట్టిక వస్తుంది. ఎవరూ గెలవకపోతే రాదు. నా గుండె గడియారంలా కొట్టుకుంది.

పట్టిక వచ్చింది.

రెండు పేర్లున్నాయి. కింద పేరు అన్నది. నాలుగు నిమిషాలు మిగిలాయి. అబ్బాయి ఆ అక్షరాల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. నాయిన పేరు! నాయిన తన చేత్తో కొట్టిన పేరు.

మరి పై పేరు?

పదకొండు నిమిషాలు మిగిల్చిన ఆ పేరు చదివి నేను వెనక్కి తిరిగాను. అబ్బాయీ తిరిగాడు. గుమ్మంలో వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు.

"అమ్మా! నువ్వా?"

"మరేమనుకున్నవ్! నువ్వు పోయినంక నేను ఆడనే కంప్యూటర్ నేర్సుకున్న తమ్మీ. ఒక ఎండాకాలమంత ఆడిన."

"మరి నెల ఫీజు మాఫీ చేసిండా వదినా?" అన్నాను.

"యాడ! ఫీజు వాపస్ ఇయ్యలే. పెండ్లి సంబంధం మాట్లాడనీకి ఇంటికొచ్చిండు."

గుమ్మంలో పిల్లలు చప్పట్లు కొట్టారు. చూశారా, గంటలో రాకుమారిని చేరాల్సిన కథ ఇది. ఇక్కడ రాకుమారే గంట తిరగకముందే గెలిచి, పైగా ఏడు నిమిషాలు ముందే వచ్చి కూర్చుంది!

అయినా నా సందేహం నాది. "వదినా, ఆ నీడమనిషిని ఎట్ల కొట్టినవ్? నేను పొడిచినప్పుడల్లా నాకే దెబ్బ తగిలేది."

"నీ నీడను నువ్వు పొడిస్తె నీకు గాక ఎవరికి తగుల్తది? కొట్టొద్దు తమ్మీ. కత్తి లోపల పెట్టి ఎదురుంగ పోవాలె. అదొచ్చి నీల కలిసిపోతది. మీ అన్నకు గూడ నేనే చెప్పిన. అప్పటిదాక ఆయన పేరు గూడ లేకుండె ఆ పట్టిక మీద."

అన్నా! పందెం కాసేనాటికి నీకే గెలుపు లేదన్నమాట! "నా టైమ్" అంటూ ఎంత ధీమాగా చెప్పావయ్యా!

అబ్బాయి ఆట మొదలుపెట్టాడు. మొదటి గోతిలోనే పడిపోయాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. "అట్ల గాదు, పక్కకు జరుగు" అంటూ వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. అన్న చేతులు పెట్టిన ఆ కీబోర్డు మీద ఆవిడ వేళ్ళు తడుముకోకుండా వాలాయి. ఆ రాత్రి ఎన్నింటికి పడుకున్నామో నాకు గుర్తు లేదు.

మర్నాడు మద్నూర్‌లో బస్సు ఎక్కాను. అట్టపెట్టె ఖాళీ. సౌండ్ కార్డు, అడాప్టరు, ఫ్లాపీలు అన్నీ డోంగ్లిలోనే వదిలేశాను. కాపీలు మాత్రం మూడయ్యాయి, ఒకటి నా దగ్గర, ఒకటి అబ్బాయి ఫోన్లో, ఒకటి వదిన బీరువాలో పెన్‌డ్రైవులో. మీ ఇంట్లో కూడా అటక ఉంటే ఈ ఆదివారం ఓసారి ఎక్కి చూడండి. ప్లగ్గు మాత్రం తొందరపడి పెట్టకండేం!

బస్సు మంజీరా దాటుతుంటే ఫోన్ మోగింది. అబ్బాయి.

"కాకా, మూడో అంకంల ఉన్న. అమ్మ ఇంక ఏం జెప్తలేదు. నెల ఫీజు కట్టు, జెప్త అంటున్నది!"